సంతోషం లేని విధేయత గురించి అడిగిన చెల్లెమ్మకు

చెల్లెమ్మా, వందనాలు. మీరు రాసినదాన్ని నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోవడానికి ముందుగా నా మాటల్లో చెబుతాను. మీరు జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. హైదరాబాదులో ఇంతకంటే పెద్ద ఉద్యోగం వచ్చినా, మంచం పట్టిన అత్తగారిని చూసుకోవడమే దేవుని నడిపింపు అని నమ్మి వదులుకున్నారు. ఎనిమిది నెలలు గడిచాయి. చేయవలసినవన్నీ చేస్తున్నారు కాని లోపల విసుగు పేరుకుపోయింది. ఉత్సాహముగా ఇచ్చువానిని దేవుడు ప్రేమించును అని మీ పాస్టర్ గారు ప్రసంగించిన ఆదివారం నుంచి, నవ్వుతూ చేయని పనిని దేవుడు అంగీకరించడేమో, అసలు ఇది ఆయన నడిపింపే కాదేమో అన్న సందేహం మీకు పట్టుకుంది.

నేను వేదాంత కళాశాలలో చదివినవాణ్ణి కాను. దేవరకొండ ప్రాంతంలో ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా పనిచేశాను. సంఘ పెద్దగా, సండే స్కూలు మాస్టారుగా అంతకంటే ఎక్కువ కాలమే గడిపాను. నా సమాధానంలో వాక్యం ఉంటుంది, టికెట్ల ట్రే ఉంటుంది, ఒక ఎండిపోయిన బోరు కూడా ఉంటుంది.

మొదట ఆ వచనం సంగతి. అది కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక తొమ్మిదవ అధ్యాయంలోది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేస్తున్న సందర్భంలో పౌలు దాన్ని రాశాడు. అదే వచనంలో ముందుగా "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అన్న మాటలున్నాయి. అంటే ఎవరినీ మొహమాటపెట్టి, నలుగురిలో పేరు పిలిచి ఇప్పించవద్దని ఇచ్చేవాడి పక్షాన నిలబడి చెప్పిన మాట అది. అలసిపోయినవాణ్ణి నీ ముఖంలో నవ్వేదని నిలదీయడానికి రాసినది కాదు. మీ పాస్టర్ గారు తప్పు చెప్పారని నేను అనడం లేదు. కానుకల గురించి చెప్పిన మాట పీఠం మీద నుంచి వచ్చేటప్పటికి అందరికీ అన్ని విషయాలకూ తగిలేలా వినబడుతుంది. నేను కూడా పెద్దగా నిలబడి మాట్లాడిన రోజుల్లో ఇలాంటి గాయాలు చేసే ఉంటాను.

దానికి పక్కనే మత్తయి సువార్త ఇరవై ఒకటవ అధ్యాయంలోని ఇద్దరు కుమారుల ఉపమానాన్ని పెట్టి చదవండి. తండ్రి ద్రాక్షతోటకు వెళ్లి పనిచేయమంటే ఒకడు పోనని ముఖం మీదనే చెప్పి, తరువాత మనస్సు మార్చుకుని పోయాడు. రెండవవాడు మర్యాదగా "అయ్యా, పోదును" అన్నాడు కాని పోలేదు. తండ్రి ఇష్టప్రకారం చేసినవాడు ఎవడని ప్రభువు అడిగితే, విన్నవాళ్లు మొదటివాడే అన్నారు, ఆయన ఆ జవాబును కాదనలేదు. ఆ మొదటివాడు తోటలో పాటలు పాడుతూ కలుపు తీశాడని ఎక్కడా లేదు. వెళ్లాడు, అంతే. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం: విలువ ఉంది.

అయితే విలువ ఉన్నంత మాత్రాన ఎప్పటికీ ఇలాగే ఏడుస్తూ ఉండాలని కాదు. ఆయన ఆజ్ఞలు భారమైనవి కావని యోహాను రాశాడు. తన ఆజ్ఞలు గైకొని తన ప్రేమలో నిలిచి ఉండమని చెప్పిన వెంటనే, తన సంతోషం శిష్యులలో ఉండాలని, వారి సంతోషం పరిపూర్ణం కావాలని ఇవి చెబుతున్నానని ప్రభువు అన్నాడు. ఆ సంతోషం ఎక్కడ, ఎప్పుడు వస్తుందన్న విషయంలోనే మనం పొరబడుతున్నామని నాకు అనిపిస్తుంది. ముందు సంతోషం రావాలి, తరువాత లోబడాలి అనుకుంటాం. నా అనుభవంలో అది ముందుగా వచ్చి గుమ్మంలో నిలబడినది చాలా తక్కువ.

లూకా సువార్త పదిహేడవ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు దూరాన నిలిచి కేకలు వేస్తే, వెళ్లి యాజకులకు కనబరచుకోమని ప్రభువు చెప్పాడు. చెప్పినప్పుడు వారి చర్మం మీద ఒక్క మచ్చా మానలేదు. యాజకుడి దగ్గరికి పోవలసినది బాగైన తరువాత, మరి వీళ్లు బాగుకాకముందే బయలుదేరారు. వారు వెళ్లుచుండగా శుద్ధులైరి అని రాసి ఉంది. ఎన్ని అడుగులు వేశాక, ఏ మలుపులో అన్నది లూకా చెప్పలేదు. నేను ఈ భాగాన్ని పిల్లలకు ఎన్నోసార్లు నేర్పించాను కాని, అది నాకు అర్థమైనది బస్సులోనే.

టికెట్ మిషన్లు రాకముందు మాకు ట్రేలో టికెట్ల కట్టలు, చేతిలో పంచ్ ఉండేవి. చిల్లర లేకపోతే ఇవ్వవలసిన డబ్బును టికెట్ వెనక రాసి, దిగేటప్పుడు తీసుకోమనేవాళ్లం. దిగే తొందరలో మరిచిపోయేవాళ్లు ప్రతి ట్రిప్పులో ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఆ డబ్బు మా టీకి, టిఫినుకు సరిపోయేది. దాన్ని ఎవరూ దొంగతనం అనేవాళ్లు కాదు, నేనూ అనుకోలేదు. ఒకరోజు కొండమల్లేపల్లిలో ఎక్కిన ఒక లంబాడా ముసలామె యాభై నోటు ఇచ్చి ఇబ్రహీంపట్నంలో దిగిపోయింది. ముప్పై రెండు రూపాయలు ఆమెకు రావాలి. ఆమె మరిచిపోయినట్టు నాకు తెలుసు, బస్సు కదలకముందే తెలుసు. నేను ట్రే సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఆ ఉదయం మా కుటుంబ ప్రార్థనలో చదివినది, అన్యాయంగా తీసుకున్నదాన్ని తిరిగి ఇస్తానన్న సుంకరి జక్కయ్య కథ. నాకు ఏ స్వరమూ వినబడలేదు. ఆ ముప్పై రెండు మాత్రం నన్ను వదలలేదు. అన్నం తింటుంటే గుర్తుకు వచ్చేది, రాత్రి లెక్క రాస్తుంటే గుర్తుకు వచ్చేది. వారం తరువాత అదే బస్టాండులో మూట మీద కూర్చుని ఉన్న ఆమెను చూశాను. డబ్బు తీసుకెళ్లి, చెప్పవలసిన మాటలు మనస్సులో కూర్చుకుని, "యాడీ, ఆరోజు నీ చిల్లర" అని చేతిలో పెట్టాను. ఆమె నోట్లను రెండువైపులా తిప్పి చూసింది. లెక్కపెట్టింది. కొంగున ముడివేసుకుంటూ, "వారం దినాల సంది యాడ వోయినవ్ కొడుకా? ఆరోజు నా మనుమరాలికి మందు కొననీకి పైసల్లేక ఎంత తిప్పలైందో ఎరికేనా" అని నలుగురూ వింటుండగా నన్ను తిట్టింది.

చెల్లెమ్మా, నేను విధేయుడనై నడిచినందుకు నాకు దొరికిన మొదటి దీవెన అది. సంతోషం సంగతి అటుంచండి, తల ఎత్తుకోలేకపోయాను. కాని ఆ తరువాత ప్రతి స్టేజీకి ముందు "చిల్లర రావలసినవాళ్లు అడిగి తీసుకోండి" అని గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. ఇష్టంగా కాదు, ఇంకోసారి అలా తిట్టు తినకూడదని. టీ డబ్బు పోయింది. తోటివాళ్లు నవ్వారు. ఇంట్లో కూడా, ఉన్న జీతంలోనే టీ ఖర్చు వెళ్లడం మొదలైనప్పుడు చిన్నపాటి గొడవ జరిగింది. నెలా రెండు నెలల తరువాత ఒక మధ్యాహ్నం చింతపల్లి దాటాక నాకొక విషయం తట్టింది: నేను దిగేవాళ్ల ముఖాలు చూస్తున్నాను. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా, జనం దిగుతున్నప్పుడు సంచి సర్దుకోవడమో, ట్రే చూసుకోవడమో చేసేవాణ్ణి. ఆ అలవాటు ఎందుకు వచ్చిందో నాకే తెలియదు, పోయిన తరువాతనే తెలిసింది. చెకింగ్ వాళ్లు బస్సు ఆపినా గుండె దడదడలాడలేదు. వే బిల్లు రాస్తూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నానట, డ్రైవరు వెనక్కి తిరిగి "ఏందన్నా, జీతం పెరిగిందా" అని అడిగాడు.

మన భాషలో ఈ సంగతి ఎప్పటినుంచో దాగి ఉంది. "వాడు మాట వినడు" అంటే వాడు చెవిటివాడని ఎవరూ అనుకోరు. వినడం, లోబడడం రెండింటికీ మనకు ఒకటే మాట. హెబ్రీ భాషలోనూ అంతేనని, ద్వితీయోపదేశకాండములో "ఇశ్రాయేలూ వినుము" అన్నచోట ఉన్న మాటకు ఆ రెండు అర్థాలూ ఉన్నాయని పెద్దలు చెబుతారు. మాట చెప్పినవాడు మనకు ఎవరన్నదాన్ని బట్టి ఆ వినడం బరువుగానో తేలికగానో ఉంటుంది. మీరు రాసిన ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "నేను కొంచెం తక్కువ చేసినా సంఘంలో ఏమనుకుంటారో" అని రాశారు. అత్తగారికి మీరు చేస్తున్న సేవలో ఎంత భాగం ప్రభువు చూస్తున్నాడని చేస్తున్నది, ఎంత భాగం మహిళా కూడికలో అక్కలు చూస్తున్నారని చేస్తున్నది? ఇద్దరు యజమానుల కింద పనిచేసేవాడికి ఇద్దరి జీతమూ సరిగా అందదు. మీ విసుగులో కొంత ఆ రెండవ యజమాని వల్ల వచ్చినదే అయి ఉంటుందని నా అనుమానం.

మిగిలినది అలసట. దీన్ని ఆత్మీయ లోపంగా లెక్కపెట్టకండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము కింద కూర్చుని ప్రాణం తీసుకొమ్మని అడిగినప్పుడు, దూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్ల బుడ్డి పెట్టి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. ఆ తరువాతనే ప్రయాణం సంగతి. మంచం పట్టిన మనిషికి రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి, లేకపోతే పుండ్లు పడతాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పగలంతా ఆ పని ఒంటరిగా చేయడం ఎంతకాలం సాగుతుంది? తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయంలో తలిదండ్రులకు ప్రత్యుపకారం చేయడం నేర్చుకోవాలని రాసి ఉన్నది మొదట పిల్లలకు, మనుమలకు. మీ భర్తకు, హైదరాబాదులో ఉన్నారని రాసిన మీ మరిదికి ఆ మాట మీకంటే ముందు వర్తిస్తుంది. మీరు దేవునికి లోబడడమంటే వాళ్ల వంతు విధేయతను కూడా మీరే మోయడం కాదు. వారానికి రెండు రాత్రులు మీ ఆయన పక్క మార్చాలని, నెలకు ఒకసారి మరిదిగారు వచ్చి ఉండాలని కూర్చోబెట్టి మాట్లాడండి. మన రాష్ట్రంలో పలు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ విభాగాలు, అంటే తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ల బాధ తగ్గించి చూసుకునేవి, ఉన్నాయి. ఇంటికి వచ్చి చూసే ఏర్పాటు మీ దగ్గర ఉందేమో ఆశా కార్యకర్తను అడగండి. ఇలా అడగడం అవిశ్వాసమని ఎవరైనా అంటే, నా దగ్గరికి పంపండి.

ఇక రెండవ ప్రశ్న. ఇది దేవుని నడిపింపే అని ఎలా తెలుస్తుంది? ఇక్కడ నేను నా తప్పు చెప్పాలి.

2003 కరువులో మా రెండెకరాల బత్తాయి తోట ఎండిపోతోంది. మా చుట్టుపక్కల రైతులు బోరు పాయింటు చూడడానికి ఒక పెద్దమనిషిని పిలిచేవారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు, కాయ నిలువుగా లేచిన చోట నీళ్లున్నట్టు. పక్క చేను రైతు ఆయనను పిలిపిస్తే నేను గట్టు మీద నిలబడి, నలుగురిలో, బతుకంతా కొబ్బరికాయ చేతిలో పెట్టుకున్నావా అని నవ్వాను. ఆ రాత్రి ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టాను. యెషయా ముప్పై ఐదు వచ్చింది, అరణ్యములో నీళ్లు ఉబుకును అన్న చోటు. ఇంకేం కావాలి? ఆదివారం సాక్ష్యం చెప్పాను. అప్పు తెచ్చాను. బోరు బండి వచ్చింది. నాలుగు వందల అడుగుల దాకా తెల్లటి రాతి పొడి తప్ప ఏమీ రాలేదు. ఆ పొడి మా ఆవిడ ముఖం మీద, బత్తాయి ఆకుల మీద, నేను తెచ్చి పెట్టిన పూలదండ మీద పడింది. తల మీద కొంగు దులుపుకుంటూ మా ఆవిడ ఒక్క మాట అన్నది: "ఆయన కొబ్బరికాయతో చూసిండు, నువ్వు బైబిలుతో చూసినవ్. తేడా ఏముంది?"

ఆ మాట నిజం. నాకు నీళ్లు కావాలి. ఆ కోరిక తప్పు కాదు. దాన్ని నడిపింపు అని పేరు పెట్టి, ఇశ్రాయేలు ప్రజలు తిరిగి రావడం గురించి ప్రవక్త చెప్పిన మాటను నా బోరు మీదికి లాగి, సంఘం ముందు దేవుని పేరును అప్పుకు హామీ సంతకంగా పెట్టాను. కొత్త సంవత్సరం రాత్రి సంఘంలో వచనం రాసి ఉన్న వాగ్దానపు చీటీ తీసుకుని దాన్ని ఏడాదంతా ఆసరాగా చదువుకుంటే నాకు అభ్యంతరం లేదు. దాన్ని పట్టుకుని పొలం అమ్మడం, సంబంధం ఖాయం చేయడం మాత్రం వద్దని మా సంఘంలో అందరికీ చెబుతుంటాను.

ఆ వారమంతా నేను దేవుడు మాట్లాడాలని ఎదురుచూశాను కాని, ఆయన అప్పటికే చెప్పిన మాట ఒకటి నా ముందే ఉంది. నలుగురిలో నేను ఎగతాళి చేసిన పొరుగువాడి దగ్గరికి నలుగురిలోనే వెళ్లి క్షమించమని అడగాలి. దానికి చీటీ అక్కరలేదు, గిద్యోను దేవుని గుర్తు కోసం పరచినట్టు ఉన్ని అక్కరలేదు. నేను వెళ్లడానికి పదకొండు రోజులు పట్టింది. వెళ్లినప్పుడు కూడా కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాను. ఆయన మంచం మీద నుంచి లేవకుండానే, "పైపు ఉంటే తెచ్చుకో, రాత్రి కరెంటు ఉన్నప్పుడు రెండు గంటలు నీ చెట్లకు పెట్టుకో" అన్నాడు. ఆయన బోరులో కూడా ఆ ఎండాకాలం ఇంచు నీళ్లే ఉన్నాయి. తోటలో సగం చెట్లు బతికాయి.

కాబట్టి మీరు అడిగిన నడిపింపు విషయంలో మొదట చూడవలసినది, ఇది వాక్యం ఇప్పటికే తేటగా చెప్పినదేనా అన్నది. మీ విషయంలో అవును. దేవునికి అర్పితమని చెప్పి తలిదండ్రులకు చేయవలసినది మానేసినవాళ్లను ప్రభువు మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో గద్దించాడు. మంచం పట్టిన పెద్దదిక్కును ఇంట్లోవాళ్లు చూసుకోవాలన్నదాంట్లో సందేహం లేదు. సందేహం ఉన్నది, ఆ పని కోసం మీరు ఆ ఉద్యోగాన్ని వదులుకోవడమే దారా అన్నచోట. అటువంటి చోట ఒక్కరి మనస్సులో కలిగిన ప్రేరేపణ సరిపోదు. అపొస్తలుల కార్యములు పదహారవ అధ్యాయంలో పౌలుకు ఆసియలో వాక్యం చెప్పడానికి ఆటంకం వచ్చింది, బితూనియకు పోదామంటే అక్కడా దారి మూసుకుంది, త్రోయలో రాత్రి, మాసిదోనియకు రమ్మని పిలిచే దర్శనం కలిగింది. ఆ దర్శనం కలిగినది ఒక్క పౌలుకు, కాని దేవుడు మమ్మును పిలిచి ఉన్నాడని నిశ్చయించుకున్నది అందరూ కలిసి. అక్కడ లూకా "మేము" అని రాశాడు. మీరు ఈ నిర్ణయం తీసుకున్నప్పుడు మీ ఆయనతో, అత్తగారితో, ఇద్దరు పెద్దలతో కూర్చుని మాట్లాడారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. మాట్లాడకపోతే ఇప్పుడైనా మాట్లాడవచ్చు. అత్తగారి అభిప్రాయం ముఖ్యంగా అడగండి. ఆమె కోసం అందరూ త్యాగం చేస్తున్నారు, ఆమెను మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

ఇంత సరిగా గ్రహించి వెళ్లిన పౌలు సీలలకు మాసిదోనియలో దొరికినది ఏమిటి? నది ఒడ్డున కొందరు స్త్రీలు, ఆ తరువాత బెత్తముల దెబ్బలు, చెరసాలలో కాళ్లకు బిగించిన బొండ. కాబట్టి కష్టం వచ్చింది కనుక నడిపింపు తప్పని తేల్చకండి. మన జిల్లాల చరిత్రలోనే చూడండి. రష్యా దేశంలోని మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టి ఏళ్ల తరబడి నిలిచారు. అమెరికా నుంచి 1899లో వచ్చిన హీబర్ట్ దంపతులు అనారోగ్యం వల్ల కొద్దికాలానికే తిరిగి వెళ్లవలసి వచ్చింది. మొదటివారిని దేవుడు నడిపించాడు, రెండవవారిని నడిపించలేదు అని నేను అనలేను. వారి వెనుక వచ్చినవాళ్లు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, దేవరకొండ ప్రాంతాల్లో పని సాగించారు. మా నాయనమ్మకు అక్షరాలు దిద్దించినది ఆ పనిలో ఊరూరా కాలినడకన తిరిగిన ఒక బైబిలు స్త్రీ. ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. చెప్పులు చేతిలో పట్టుకుని వాగు దాటి వచ్చేదని, వచ్చీరాగానే నవ్వుతూ మంచినీళ్లు అడిగేదని మాత్రం చెప్పుకునేవారు.

అర్ధరాత్రి చెరసాలలో పౌలు సీలలు పాడినది దెబ్బలు తగిలిన కొన్ని గంటల తరువాత. మీకింకా ఆ రాత్రి నడుస్తూ ఉందనుకోండి. ఈలోగా పాట రాకపోతే కీర్తనల గ్రంథంలో మొరపెట్టే కీర్తనలు చాలా ఉన్నాయి, పదమూడవ కీర్తన తీయండి, ఆరే వచనాలు. "ఎన్నాళ్లు" అని నాలుగుసార్లు అడిగినవాణ్ణి దేవుడు సణిగేవాడని తోసిపుచ్చలేదు. అత్తగారి పక్క మార్చేటప్పుడు ఆమెకు వినబడేలా చదవండి, ఆమెకు కూడా దేవుణ్ణి అడగవలసినవి ఉంటాయి.

ఉత్తరం చివర, రాత్రి షిఫ్టు దిగిన ఆదివారాల్లో సండే స్కూలుకు రాలేనని చెప్పడానికి భయంగా ఉందని రాశారు. చెప్పండి. మీ ఆయనతో కబురు పెట్టకుండా, పాస్టర్ గారికి మీరే ఫోన్ చేసి, నెలలో ఆ రెండు ఆదివారాలు పిల్లలను ఇంకొకరు చూసుకోవాలని అడగండి. ఆ ఉదయం ఇంటికి వెళ్లి, మీ ఆయన అమ్మగారి దగ్గర కూర్చున్నాక, తలుపు దగ్గరికి వేసుకుని పడుకోండి.